ఆదివారం బాంజో

గుంటూరు,
జనవరి

ఒసే ప్రణవీ,

నీ ఉత్తరం అందింది. తప్పులుంటే దిద్దమన్నావు కాబట్టి దిద్దాను. తప్పులు తక్కువే, పువ్వులే ఎక్కువ. బుకిట్ బటోక్ బస్ ఇంటర్‌చేంజ్‌లో నీకు 'సంధ్య వెదజల్లిన కుంకుమ' ఎక్కడ కనబడిందే? నాకు గుర్తున్నంతలో అక్కడ కనబడేది కరీ పఫ్‌ల కోసం నిలబడ్డ క్యూ ఒక్కటే. అయినా రాయి. ఇక్కడ మా నర్సింగ్ హాస్టల్లో ఉత్తరం వచ్చే అమ్మాయిని నేనొక్కదాన్నే. మిగతావాళ్లు నన్ను స్వాతంత్ర్యానికి ముందు పుట్టినదాన్ని చూసినట్టు చూస్తారు.

నా ఫోన్ ఇంకా వార్డెన్ మేడమ్ బీరువాలోనే ఉంది. ఆదివారం సాయంత్రం ఆవిడ గదిలో ల్యాండ్‌లైన్ మోగితే వెళ్లి మాట్లాడాలి. వెనకాల మరో పదిమంది నిలబడి గొంతులు సవరించుకుంటూ ఉంటారు.

నీకొక సంగతి చెప్పాలి, ఎదురింట్లోనే ఉన్నావు కదా, మా అమ్మకీ నాన్నకీ చెప్పకు. క్రిస్మస్ వెళ్లాక వార్డులో ఒక తాత నా చేతిలోనే చనిపోయాడు. ఆయన నాడి చూస్తూ ఉన్నాను, అది వెళ్లిపోయింది. ఆ మర్నాడు ట్రంకు పెట్టె సర్దేశాను. చదువు మానేసి సింగపూర్ వచ్చేద్దామనుకున్నాను. ఆదివారం నాన్న ఫోన్ చేస్తే ఏడ్చాను గానీ ఎందుకో చెప్పలేదు. నాన్న అడగలేదు కూడా. ఫోన్ బల్ల మీద పెట్టి బాంజో వాయించాడు. నా వెనక క్యూలో ఉన్న పిల్లలు కూడా మాట్లాడటం ఆపేశారు. ఆ రాత్రే బట్టలన్నీ మళ్లీ అల్మరాలో పెట్టుకున్నాను.

నాన్న చేతుల్లోంచి ఆ చప్పుడు వస్తున్నంత కాలం ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టే నాకు. అది చాలు, ఇక్కడ ఉండగలను.

నువ్వు నాన్న దగ్గర బాంజో ఎంతవరకు నేర్చుకున్నావు? కోప్పడుతున్నాడా?

మీ
కావ్యక్క


బుకిట్ బటోక్,
ఫిబ్రవరి

కావ్యక్కా,

నీ పెట్టె సంగతి చదివి ఉత్తరం కాసేపు పక్కన పెట్టేశాను. మళ్లీ తీసి చదివాను. నువ్వు అక్కడే ఉండిపోయినందుకు సంతోషం. అంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

బాంజో గురించి అడిగావు కదా, అది రాస్తాను. నేనింకా మొదటి పాఠాల్లోనే ఉన్నాను. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా తీగల మీద తిరగాలి, దాన్నే రోల్ అంటారని నీకు నేను చెప్పాలా! బొటనవేలికి ప్లాస్టిక్ తొడుగు, మిగతా రెండింటికీ ఇనుప తొడుగులు. అవి పెట్టుకుంటే నా వేళ్లు నావి కానట్టు ఉంటాయి. ఉపేంద్ర అంకుల్ ఒకటే మాట అంటారు. "తొందరపడమాకు తల్లీ. తీగని కొట్టమాకు, గిల్లి వదిలెయ్. అదే పలుకుద్ది."

నాకు అన్నిటికంటే ఇష్టం ఆ పొట్టి ఐదో తీగ. మిగతా నాలుగూ మెడ చివరి నుంచి వస్తే ఇది సగంలో పుడుతుంది. పాట ఎటు వెళ్లినా అది తన స్వరమే అంటూ ఉంటుంది, తంబురాలాగా. ఇంకొకటి గమనించాను. అంకుల్ నేర్పే ఈ అమెరికా కొండవాళ్ల దేవుడి పాటల్లో చావు ఉంటుంది, దాటాల్సిన ఏరు ఉంటుంది, తల్లి లేని పిల్లలు ఉంటారు. బాంజో మాత్రం పక్కనే నవ్వుతూ పరిగెడుతూ ఉంటుంది. అది తెలిసి నవ్వుతోందో తెలియక నవ్వుతోందో అర్థం కాదు. ఇది రాసుకుని మురిసిపోయాను. నువ్వు ఎర్ర పెన్ను పెట్టకు.

మా కింది ఇంటి చైనీస్ అంకుల్ లిఫ్ట్‌లో పట్టుకున్నాడు. "గర్ల్, యువర్ గిటార్ వెరీ నాయిసీ లా!" అది గిటార్ కాదంటే, "దెన్ వర్స్!" అన్నాడు. ఇప్పుడు బాంజో వెనక వైపు తువ్వాలు కుక్కి వాయిస్తున్నాను.

మా అమ్మ సంగతి నీకు తెలుసు. శనివారం మీ ప్రార్థన హాల్లో ప్రాక్టీస్‌కి పంపుతుంది. ఆదివారం ఆరాధనకి మాత్రం వద్దంటుంది. "వాయిద్యం నేర్చుకో, మతం కాదు" అని సత్యవాణి గారి తీర్పు. మాండొలిన్ వాయించే అన్న పేరు తిరుమలేష్ అని తెలిశాక కొంచెం మెత్తబడింది. "ఆ పేరు పెట్టుకుని అక్కడేం చేస్తున్నాడు?" అంది. క్రాంజీలో పనివాళ్ల డార్మిటరీ నుంచి రెండు బస్సులు మారి మాండొలిన్ కోసం, ఆ తర్వాత పెట్టే బిర్యానీ కోసం వస్తాడని చెప్పాను.

ఇంట్లో అందరూ క్షేమం. అంకుల్ బాగున్నారు.

నీ
ప్రణవి


గుంటూరు,
మార్చి మొదట్లో

ప్రణవీ,

'తెలిసి నవ్వుతోందో తెలియక నవ్వుతోందో' అన్నచోట ఎర్ర పెన్ను పెట్టలేదు. దాని కింద గీత గీశాను. అది మెప్పు.

నన్ను ఇప్పుడు నరాల వార్డులో వేశారు. పక్షవాతం వచ్చినవాళ్లు, మూర్ఛ వచ్చేవాళ్లు, వణుకు ఉన్నవాళ్లు. వణుకు ఉన్నవాళ్లలో ఒక టీచరుగారు ఉన్నారు. ఆయనకి చొక్కా గుండీలు నేనే పెడతాను. పెడుతుంటే సిగ్గుతో గోడ వైపు చూస్తారు. వాళ్లావిడ చెప్పింది, మొదట చెయ్యి కాదట, గొంతు సన్నబడిందట. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదట.

పోయిన ఆదివారం నాన్న గొంతు నూతిలోంచి వస్తున్నట్టు అనిపించింది. లైన్ బాగాలేదా? అమ్మని అడిగితే "ఏమో, మీ నాన్ననే అడుగు" అని ఫోన్ ఇచ్చేసింది. అమ్మ ఎప్పుడూ అలా ఇచ్చేయదు. మీ ఫ్లాట్ ఎదురుగానే కదా. ఒకసారి చూసి రాయి.

ఈస్టర్ దగ్గరకొస్తోంది. నాకు 'ఒడ్డు' పాట వినాలని ఉంది. నాన్న కట్టిన పాట, నీకు తెలుసుగా.

ఒడ్డు దగ్గరైంది, తెడ్డు దించరా
నీరే మోసుకెళ్తుంది, నావ నమ్మరా

వచ్చే ఆదివారం అది పాడమని చెబుతాను.

కావ్యక్క


బుకిట్ బటోక్,
మార్చి

ప్రియమైన కావ్యక్కా,

ఇక్కడ వానలు. మధ్యాహ్నం మబ్బులు ఒకదాని మీదొకటి ఎక్కి, మా బ్లాకు పక్క గుట్టని మింగేసి, కాసేపటికి మళ్లీ కక్కేస్తాయి. కారిడార్‌లో ఆరేసిన బట్టలు తడిసి బరువెక్కి, చెప్పుకోలేని మాటల్లా వేలాడుతుంటాయి. పరీక్షలకి చదువుతున్నాను. పాసిర్ రిస్ బీచ్‌కి స్నేహితులతో వెళ్లాను. సముద్రం బూడిదరంగులో ఉంది, దూరంగా ఓడలు కదలకుండా నిలబడ్డాయి.

ఆదివారం పాట విన్నావు కదా. ఎలా ఉంది? నువ్వు ఏమీ అనలేదు. "సరే, ఉంటాను" అని పెట్టేశావు. పైవారం మళ్లీ అదే పాట అడిగావు. అప్పుడూ ఏమీ అనలేదు.

లైన్ సంగతి అడిగావు. మా ఇంట్లోనూ ఈ మధ్య ఫోన్లు సరిగా లేవు. వానల వల్ల కావచ్చు.

అంతా క్షేమం.

ప్రణవి


గుంటూరు,
మార్చి చివర

ప్రణవీ,

ఈసారి నీ ఉత్తరంలో గీతలు గీయలేదు. మబ్బులు, బట్టలు, ఓడలు అన్నీ చాలా బాగున్నాయి. నేనడిగింది మాత్రం అందులో లేదు. నీకు మాటలు బాగా వచ్చేశాయి. దేని వెనక ఏం దాచాలో కూడా వచ్చేసింది.

ఇప్పుడు నేను చెబుతాను, విను.

మా నాన్న 'ఒడ్డు' పాటకి బాంజో ముట్టుకోడు. ఎప్పుడూ ముట్టుకోలేదు. మిగతా పాటలన్నిటికీ వాయిస్తాడు, చివర ఆ పాట వచ్చేసరికి బాంజో తీసి కుర్చీలో పెడతాడు. వీరాస్వామి అంకుల్ గిటార్, తిరుమలేష్ మాండొలిన్, అవి కూడా వినీ వినబడకుండా. నలుగురం ఒకే మైకు చుట్టూ నిలబడి పాడతాం. నాన్నది అడుగు గొంతు, నాది పై గొంతు. షిప్‌యార్డ్‌లో నాన్నకి బాంజో నేర్పి, వెళ్లిపోతూ దాన్ని ఇచ్చేసి వెళ్లిన అమెరికన్ ఇంజనీరు చెప్పాడట. వాళ్ల ఊళ్లో దేవుడి పాట నలుగురు కలిసి పాడేటప్పుడు బాంజో వాడు వాయిద్యం దించి ఒట్టి మనిషిగా వచ్చి నిలబడతాడని. నాన్న ఆ పద్ధతి ఒక్కసారి కూడా తప్పలేదు. నాకు జ్వరమొచ్చి నేను లేనిరోజు పై గొంతు లేకుండానే పాడారు గానీ, ఆ ఖాళీని బాంజోతో నింపలేదు.

నువ్వు ఆదివారం ఆరాధనకి రావు. శనివారం ఆ పాట ప్రాక్టీస్ చేయరు, అందరికీ వచ్చిందే కాబట్టి. అందుకే నీకు తెలియలేదు.

మొదటిసారి విని నా చెవులే పొరబడ్డాయనుకున్నాను. అందుకే రెండోసారి అడిగాను. రెండోసారీ బాంజో వచ్చింది. చక్కగా ఉంది, నాన్న వాయించినట్టే. వార్డెన్ మేడమ్ ఎదురుగా కూర్చుని గాజులు సవరించుకుంటోంది. ఫోన్లో ఏం అడగను?

ఆ వాయించింది నాన్న కాదు, నువ్వు. నువ్వు మొదటి పాఠాల్లో లేవు. నాన్న చేతికి ఏమైంది? కుడి చెయ్యా? ఎప్పటి నుంచి?

మీరందరూ కలిసి నన్ను బాంజో వినిపించి నిద్రపుచ్చే చంటిపిల్లని చేశారు.

కావ్యశ్రీ


బుకిట్ బటోక్,
ఏప్రిల్

కావ్యక్కా,

కుడి చెయ్యి. అక్టోబరు నుంచి.

ప్రాక్టీస్‌లో అంకుల్ వాయిస్తుంటే ఇనుప తొడుగు వేలి నుంచి జారి వీరాస్వామి అంకుల్ కాఫీలో పడింది. అందరం నవ్వాం. "ఉపేంద్రా, చక్కెర వేశావా?" అన్నారు ఆయన. తర్వాతి వారం మళ్లీ జారింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆస్పత్రిలో పార్కిన్సన్స్ అన్నారు. మందులు వాడుతున్నారు. షిప్‌యార్డ్‌లో పైకి ఎక్కే పని మాన్పించి ఆఫీసులో కూర్చోబెట్టారు. నడక బాగానే ఉంది. గొంతు సన్నబడింది. నీకు అనిపించింది నిజమే.

నీకు చెప్పొద్దని అంకుల్ నా దగ్గర మాట తీసుకున్నారు. "దానికి తెలిస్తే పెట్టె సర్దుకుని వచ్చేస్తదమ్మా. నా చదువు సగంలో ఆగింది. దానిది ఆగకూడదు" అన్నారు. ఆదివారం ఫోన్ వేళకి నేను మీ ఇంటికి వచ్చి సోఫా పక్కన నేల మీద కూర్చునేదాన్ని. అంకుల్ మాట్లాడేవారు, తల ఊపగానే నేను వాయించేదాన్ని. ఆంటీ వంటింట్లోంచి బయటికొచ్చేవారు కాదు. ఒకరోజు మాత్రం గరిటె పట్టుకుని వచ్చి, "దేవుడి పాటలు పాడతా అబద్ధం వాయిస్తన్నారా ఇద్దరూ?" అన్నారు. అంకుల్ తల దించుకున్నారు. నేనూ దించుకున్నాను. మళ్లీ ఆదివారం మళ్లీ వెళ్లాను.

నువ్వు క్రిస్మస్ వెళ్లాక పెట్టె విప్పుకున్న రోజు వాయించింది కూడా నేనే. ఆ ఒక్క పాటే నెల రోజులు నేర్చుకున్నాను. నీ జనవరి ఉత్తరంలో అది చదివినప్పుడే చెప్పాల్సింది. చెబితే నువ్వు వచ్చేస్తావని భయం వేసింది. ఇంకొక భయం కూడా ఉంది, అదీ రాస్తాను. అంతమంది పిల్లలు మాట్లాడటం ఆపి విన్నారని రాశావు. అది చదివి నాకు గర్వం వేసింది. ఆ గర్వం పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

నీ ఉత్తరం రాగానే తీసుకెళ్లి అంకుల్‌కి చదివి వినిపించాను. బాంజో దించే పద్ధతి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. అప్పుడే నాకు తట్టింది. నాకు తెలియదు, సరే. ఆయనకి తెలుసు కదా! నువ్వు ఆ పాట అడిగినప్పుడు నేను తొడుగులు పెట్టుకుంటూ, వాయించనా అని సైగ చేశాను. ఆయన నా వేళ్ల వైపు చూశారు, ఫోన్ వైపు చూశారు. తల ఊపారు. రెండోసారి కూడా.

"అంకుల్, వాయిస్తే అక్కకి తెలిసిపోతుందని మీకు తెలీదా?" అని అడిగాను.

ఆయన కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నారు. ఈ మధ్య అలాగే కూర్చుంటారు.

"తెలుసు" అన్నారు.

"మరి?"

"నా నోటితో చెప్పలేకపోయా తల్లీ. దానికి ఇనపడితే చాలనుకున్నా."

ఆంటీ వంటింటి గుమ్మంలోనే నిలబడి విన్నారు. వెళ్లి ఆయన పక్కన కూర్చున్నారు. నేను ఇంటికి వచ్చేశాను.

బాంజో నా గదిలో పెట్టెలోనే ఉంది. తీయబుద్ధి కావడం లేదు.

ప్రణవి


గుంటూరు,
ఏప్రిల్ చివర

ప్రణవీ,

నా కోపం పోలేదు. పోయినట్టు రాస్తే నేనూ నీలాగే రాసినట్టు అవుతుంది.

నాన్న పోయిన ఆదివారం చెప్పాడు. "అవునమ్మా, చెయ్యి వణుకుతోంది" అన్నాడు, అంతే. నేను ఫోన్ పెట్టకుండా పట్టుకునే ఉన్నాను. క్యూలో అమ్మాయిలు గొణిగారు. వార్డెన్ మేడమ్ లేచి వాళ్లని బయటికి పంపి, తనూ బయటికి వెళ్లి తలుపు వేసింది. ఆవిడ అలా చేస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

టీచరుగారి గుండీలు ఇప్పుడు పెట్టలేకపోతున్నాను. చేతులు ఆయన చొక్కా మీద, కళ్లు మాత్రం ఇంకెక్కడో. నిన్న ఆయనే అడిగారు, "ఇంట్లో ఎవరికమ్మా?" అని.

పెట్టె మళ్లీ సర్దాను. మంచం కింద ఉంది. తాళం వెయ్యలేదు, విప్పనూ లేదు. మే నెలలో పరీక్షలు. రాసి, సెలవులకి వచ్చి, మళ్లీ వెనక్కి రావాలా, లేకపోతే ఇప్పుడే వచ్చేయాలా తేల్చుకోలేకపోతున్నాను. అమ్మ "నీ ఇష్టం" అంటుంది. నాన్న "పరీక్షలు రాయి" అంటాడు. వాళ్లిద్దరి మాటా నేనిప్పుడు నమ్మను. నమ్మాలంటే నాకు ఒక జత కళ్లు కావాలి. నీవి తప్ప ఇంకెవరివీ లేవు.

కాబట్టి నువ్వొక పని చెయ్యి. ఆదివారం ఆరాధనకి వెళ్లు. మీ అమ్మని ఒప్పించు. 'ఒడ్డు' పాట పాడేటప్పుడు నాన్నని చూడు. నిలబడ్డాడా, గొంతు ఉందా, చెయ్యి ఎలా ఉంది. చూసింది చూసినట్టు రాయి. మబ్బులు వద్దు, ఓడలు వద్దు. నీ ఉత్తరం చదివి తేల్చుకుంటాను.

బాంజో పెట్టెలోంచి తియ్యి. నాన్న నేర్పింది దాచుకోవడానికి కాదు. ఆ ఒక్క పాటకి మాత్రం దించు.

కావ్య


బుకిట్ బటోక్,
మే

కావ్యక్కా,

ఆదివారం వెళ్లాను. అమ్మ కూడా వచ్చింది. నీ రెండు ఉత్తరాలూ అమ్మకి చదివి వినిపించాను, క్షమించు. విని, "ఆ పిల్ల అక్కడ ఒక్కతే ఉందా?" అంది. ఆదివారం చీర కట్టుకుని చివరి వరసలో కూర్చుంది. బిర్యానీ తినలేదు, శనివారం నుంచి ఉపవాసమని చెప్పింది. అబద్ధం. ఎవరూ బలవంతం చేయలేదు.

మొదటి పాటలకి నేను వాయించాను. రెండుచోట్ల తప్పు పడింది. అంకుల్ ముందు వరసలో కూర్చున్నారు, కుడిచెయ్యి తొడ కింద. తప్పు పడినప్పుడల్లా ఆయన మెడ కొంచెం వంగింది.

చివర 'ఒడ్డు' పాటకి నేను తొడుగులు తీసి జేబులో వేసుకుని, బాంజో కుర్చీలో పెట్టాను. పక్కకి వెళ్లి కూర్చోబోయాను. అంకుల్ లేచి మైకు దగ్గరికి వచ్చారు. నడక నెమ్మదిగా ఉంది. కుడికాలు కొంచెం ఈడుస్తున్నారు. ఇది నీకెవరూ చెప్పి ఉండరు, నేనూ ఆరోజే గమనించాను.

"రా" అన్నారు నన్ను.

"నాకు పాడటం రాదంకుల్."

"పైగొంతు ఖాళీగా ఉందమ్మా. వచ్చినంత పాడు."

వీరాస్వామి అంకుల్ గిటార్ ఎత్తి పట్టుకుని నాకు చోటిచ్చారు. తిరుమలేష్ అన్న నా వైపు చూసి, "మైకు మింగకు" అన్నాడు.

పాడాం. నా గొంతు నీ అంత పైకి ఎక్కలేదు. రెండో చరణంలో పోయింది కూడా. మీ నాన్న గొంతు పోలేదు. మాట్లాడేటప్పుడు వినబడని మనిషి పాటలో హాలు వెనక వరకూ వినబడ్డారు. అమ్మని అడిగాను, చివరి వరసకి వినబడిందా అని. వినబడిందంది. ఆయన పాట చివరి వరకూ నిలబడ్డారు. కూర్చోలేదు, దేన్నీ పట్టుకోలేదు. ఒక్క నన్ను తప్ప.

మొదట కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకున్నారు. తర్వాత తీసేసి నా భుజం మీద వేశారు.

బయటికొచ్చాక బస్ స్టాప్ దగ్గర అంకుల్ అడిగారు. "కావ్యకి రాస్తావా?"

"రాస్తానంకుల్. ఏం రాయమంటారు?"

బస్సు వచ్చింది. మాది కాదు. అది వెళ్లేదాకా ఆగారు.

"చూసింది రాయి" అన్నారు.

నా భుజం మీద ఆయన చెయ్యి వణికింది. వేసినప్పటి నుంచి పాట చివరి దాకా వణుకుతూనే ఉంది. ఒక్క క్షణం కూడా ఆగలేదక్కా.

ప్రణవి